సమాధుల తోటకి అడ్మినిస్ట్రేటర్

రాబిన్ తన సర్వీసు మొత్తం రైలు తోకలో కూర్చుని చేశాడు. గూడ్స్ గార్డు. ముందు ఇంజనులో కబుర్లు చెప్పుకోవడానికి ఇద్దరుంటారు. వెనక బ్రేక్‌వాన్‌లో గార్డు ఒక్కడే. బొగ్గు, ఇనుప రాయి, సిమెంటు బస్తాల వెనక ఊగుతూ ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్‌కి, టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్‌కి ఆయన తిరిగిన దూరాన్ని తిన్నగా చాపితే చంద్రుడి మీదికి వెళ్లి, అక్కడ టీ తాగి వెనక్కి రావచ్చు. ఈ లెక్క వేసింది నేనే. ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు.

ఆయన తాత బొబ్బిలి దగ్గర నుంచి ఖరగ్‌పూర్ లోకో షెడ్డులో బొగ్గు తోడడానికి వచ్చాడు. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ‘ఆఫీసరు’ అనే మాట అన్నాల దగ్గర తిట్టుగా మాత్రమే వినిపించేది. అయినా రాబిన్‌కి లోపల ఒక ఆశ ఉండేది. చనిపోయేలోగా ఒక్కసారైనా దేనికో ఒకదానికి తను అధికారి అనిపించుకోవాలి.

దానికి తగిన ధైర్యం ఆయనకి ఉంది. ఒకసారి ఝార్‌గ్రామ్ అడవిలో బండి ఆగిపోతే బ్రేక్‌వాన్ పక్కకి ఏనుగు వచ్చింది. రాబిన్ జంకకుండా పచ్చజెండా ఊపాడు. ఏనుగు ఆ జెండాని తీసుకుని తినేసి, బండి కంటే ముందే వెళ్లిపోయింది. కొత్త జెండా కావాలని రాబిన్ అర్జీ పెట్టుకుంటే, ఏనుగు సంతకం జతపరచవలసిందని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నేను ఆ జవాబు చూడలేదు. కానీ రైల్వేలో పనిచేసిన వాళ్లెవరూ దీన్ని అబద్ధం అనలేదు.

రిటైరైన రోజున మెడలో వేసిన దండ వాడిపోయీ వాడిపోకముందే రైల్వే వాళ్లు గార్డు అనే మాటనే తీసేసి, ఆ ఉద్యోగానికి ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు పెట్టారు.

“నిన్నటిదాకా నా ఎనకాల నా సామాను పెట్టె మోసిన కుర్రోడు మేనేజరంట! నేను మాత్రం గార్డుగానే సచ్చిపోవాలా?” అన్నాడు రాబిన్ పేపరు విసిరేసి.

“బ్యాంకు గేటు కాడ నిలబడినోడూ గార్డే. పోయి ఆడితో సెప్పుకోండి” అంది ఆయన భార్య సుజాతమ్మ, కూర తరుగుతూ.

ఆ బాధలో ఉన్న మనిషిని మా సమాధుల తోట సంఘానికి సెక్రటరీని చేశాం. మా తోట తాల్‌బగీచా పేట అవతల ఉంది. ఈ ఊరి తెలుగు క్రైస్తవులు చాలామంది ఆఖరికి చేరేది అక్కడికే. ఎవరు ఎక్కడ పడుకున్నారు, ఎవరి పక్కన ఎవరు చోటు అడిగి పెట్టుకున్నారు అన్నది చూసుకోవడం సంఘం పని. తేలిక పనేమీ కాదు. బతికున్నప్పుడు రైల్వే క్వార్టర్ల కోసం ఎంతగా పోట్లాడుకున్నారో, ఈ క్వార్టర్ల కోసమూ అంతే. ఒకరికి వేపచెట్టు నీడ కావాలి, ఇంకొకరికి తోడికోడలి పక్కన వద్దు.

మా ప్రెసిడెంటు ఎవాంజలిన్ టీచరమ్మ. ఊళ్లో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే, సంఘం నియమావళి రాసింది కూడా ఆవిడే. నేను కమిటీలో ఉన్నది ఇంగ్లీషు ముక్కలు చదివి చెప్పడానికి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టి నేర్పిన భాష అది. ఇప్పటికీ ఇంగ్లీషు చదువుతుంటే నాకు మోకాళ్లు నొప్పి పెడతాయి.

వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని టీచరమ్మ పట్టుబట్టింది. ఝపటాపూర్‌లో కంప్యూటర్ల దుకాణం నడుపుతున్న వినీల మా సంఘం పిల్లే. సుభాష్‌పల్లిలోని సంఘం గదికి వచ్చి, పాత విండోస్ కంప్యూటర్లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తోంది. పక్కనే కుర్చీ వేసుకుని రాబిన్, ఆయన పక్కన నేను. ఒక చోట తెర ఆగి పాస్‌వర్డ్ అడిగింది.

“ఎవరి పాస్‌వర్డ్ అడుగుతంది?” అన్నాడు రాబిన్.

“పోస్ట్‌గ్రెస్‌ది, మావయ్యా.”

“ఆడెవుడు?”

“ఈ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద. అన్ని అధికారాలూ ఉన్న అకౌంటు. ఎక్కించగానే దానంతట అదే పుడతాది.”

“పుట్టగానే అధికారా? పరీక్ష లేదు, ప్రమోషన్ లేదు?”

వినీల నవ్వింది. “ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఇలాగే ఒకరుంటారు మావయ్యా. మైఎస్‌క్యూఎల్ ఎక్కిస్తే ఆ పెద్ద పేరు రూట్. మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్‌కైతే ఎస్.ఏ. ఒరాకిల్ అయితే సిస్ ఒకరు, సిస్టమ్ ఒకరు.”

“ఒరాకిల్ వోళ్లకి ఇద్దరా! మరి ఈళ్లందరి మీద ఎవరుంటారు?”

“కంప్యూటర్ మొత్తానికి పెద్ద వేరే ఉంటాడు. విండోస్‌లో ఆయన పేరు అడ్మినిస్ట్రేటర్.”

“అర్థమయింది. ఆడు డివిజనంతటికీ పెద్ద, డీఆర్ఎం. ఈడు స్టేషన్ మాస్టరు” అన్నాడు రాబిన్. తరవాత ఆయన మొహం నెమ్మదిగా మారింది. “అయితే సెక్రటరీ ఎక్కడున్నాడు ఇందులో?”

వినీల వెతికినట్టు నటించింది గానీ, సెక్రటరీ ఎక్కడా లేడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. రాబిన్ లేచి నిలబడ్డాడు.

“కంప్యూటర్ పెట్టినాం, బాగుంది. కానీ అందులో మనోడు కానోడు ఒకడు కూకున్నాడు. పేరు పోస్ట్‌గ్రెస్. మన తాతలు, ముత్తాతలు ఎక్కడ పడుకున్నారో మొత్తం ఆడి సేతిలో ఉంది. ఆడిది ఏ ఊరు, ఏ సంఘం? బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నాడు? ఎవరికైనా తెలుసా?”

“ఇదేటమ్మా వినీలా?” అంది టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని.

“అది మనిషి కాదు టీచరమ్మా. కుర్చీ లాంటిది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్లు కూర్చోవచ్చు.”

“కుర్చీకి పేరెందుకు మరి?” అన్నాడు రాబిన్. “ఈ గదిలో ఇన్ని కుర్చీలున్నాయి. దేనికైనా పేరుందా?”

అప్పుడే నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఆ పేరు వింటుంటే హుగ్లీ ఒడ్డున దిగిన పాతకాలపు పోర్చుగీసు దొర ఎవరో జ్ఞాపకం వస్తున్నాడని అన్నాను. ఊరికే, సరదాకి. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. పోర్చుగీసు అయితే కతోలికుడై ఉండాలి, మనది బాప్తిస్టు సంఘం కదా అని వెనక వరసలో ఒకాయన అన్నాడు. కతోలికులకి వేరే తోట ఉండగా మన తోట మీద ఆయనకి కన్నెందుకు పడింది అని ఇంకొకాయన.

టీచరమ్మ ఈ దొర కథ నమ్మలేదు. నా కథలు ఆవిడ ఎప్పుడూ నమ్మదు. కానీ ఆవిడని నియమావళి పట్టుకుంది. సంఘంలో ఏ పదవైనా, బాప్తిస్మం పొంది ఖరగ్‌పూర్‌లో కాపురమున్న సభ్యులకే దక్కాలి. తన చేత్తో రాసిన నిబంధన.

“మనిషి అయినా, కుర్చీ అయినా, అధికారం ఉందంటే పదవి ఉన్నట్టే. నిబంధన నిబంధనే” అంది. “ఆయన్ని తీసేసెయ్ వినీలా.”

“పూర్తిగా తీసెయ్యడం కుదరదు టీచరమ్మా. ఆ పేరు మీదే సాఫ్ట్‌వేర్ నిలబడి ఉంటాది. కావాలంటే లాగిన్ అవకుండా ఆపగలను.”

“సస్పెన్షనా?” అన్నాడు రాబిన్ ఆశగా.

“సెలవు అనుకోండి మావయ్యా.”

అలా పోస్ట్‌గ్రెస్ గారిని దీర్ఘకాలిక సెలవు మీద పంపుతూ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన స్థానంలో సర్వాధికారాలతో రాబిన్‌ని నియమించింది. వినీల రాబిన్ పేరుతో అకౌంటు తెరిచి, తోట వివరాలన్నీ దాని కిందే పెట్టింది. అలా అన్నీ ఒక మనిషి పేరు మీద పెట్టడం తర్వాత తలనొప్పి అవుతుందని వెళ్లేటప్పుడు నా చెవిలో వేసింది కూడా. తలనొప్పి ఎవరికో చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి రాబిన్ నడక మారింది. సంఘం గదికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. లాగిన్ అయ్యే ముందు గార్డు విజిల్ తీసి ఒకసారి ఊదేవాడు. ఆ విజిల్ ఎంత గట్టిదంటే, ఒక పొద్దున్న స్టేషన్లో నిలబడి ఉన్న లోకల్ బండి బయలుదేరిపోయిందని అంటారు. అంటారు అంటే, నేనే అంటాను.

“ఇంట్లో కూడా లాగిన్ అవుతున్నారన్నయ్యా” అని సుజాతమ్మ నాతో వాపోయింది. “బాత్రూములోకి ఎళ్లేటప్పుడు విజిలు, వొచ్చేటప్పుడు విజిలు. టీ ఇస్తే సిగ్నల్ ఇవ్వలేదు, ఉండు అంటారు.”

టీ సంగతి సుజాతమ్మ సర్దుకుంది. సంఘం సర్దుకోలేకపోయింది. రాబిన్ లేనిదే కంప్యూటర్లోకి ఒక్క పేరు ఎక్కదు, ఒక్క పేరు మారదు. పాస్‌వర్డ్ ఇంకెవరికీ చెప్పడు. విశాఖపట్నంలో చెల్లెలి ఇంటికి వెళ్తే పాస్‌వర్డ్ కూడా ఆయనతోపాటే విశాఖపట్నం వెళ్లేది. అత్యవసరం ఉంటే తప్ప ఈ వారం ఎవరూ చనిపోవద్దని ఆయన వెళ్లేటప్పుడు ఆరాధనలో ప్రకటన ఇప్పించాడని నేను ఊళ్లో చెప్పాను. అందరూ నమ్మారు. అంటే ఆయన పరిస్థితి ఎంతవరకు వచ్చిందో చూడండి.

చివరికి ఆయన వెళ్లి టీచరమ్మతోనే పెట్టుకున్నాడు. ఆవిడకి భర్త పక్కన చోటు ఎప్పుడో రాసి ఉంది. వయసు మీద పడ్డాక ఆవిడ మనసు మారింది. అమ్మ పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడికి మార్చమంది.

“కుదరదు టీచరమ్మా” అన్నాడు రాబిన్ తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. “ఒకసారి షంటింగ్ అయి లైన్లో నిలబడిన వేగన్ని ఊరికే కదపడానికి లేదు.”

“నేను వేగన్నా?” అంది టీచరమ్మ.

“కారణం సెప్పండి, సూస్తాను.”

“నా మొగుడు గురక పెడతాడు. ఈ కారణం చాలా?”

“ఇప్పుడు పెట్టడు కదండీ.”

“నీకెలా తెలుసు?”

రాబిన్ ఆ అర్జీని పెండింగ్‌లో పెట్టాడు. టీచరమ్మ చేతి సంచీ తీసుకుని, తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. చిన్నప్పుడు ఆ చూపుకి రాబిన్ నిక్కరు తడుపుకునేవాడు. కానీ ఇప్పుడాయన అడ్మినిస్ట్రేటర్.

అవకాశం కోసం ఆవిడ ఎక్కువ రోజులు ఎదురుచూడనక్కర్లేకపోయింది. విండోస్ టెన్‌కి కాలం చెల్లిందనీ, మన పాత కంప్యూటర్ కొత్త విండోస్‌ని మొయ్యలేదనీ వినీల చెప్పింది. ఊరికే దొరికే లినక్స్ ఎక్కిస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుందంది. టీచరమ్మ సరే ఎక్కించమంది. వినీల ఎక్కించి, తోట వివరాలూ రాబిన్ అకౌంటూ అందులోకి తెచ్చాక, టీచరమ్మ కమిటీని పిలిచి, సుజాతమ్మని కూడా రమ్మంది. భర్త పదవి పోతుంటే పక్కన భార్య ఉండడం మంచిదని ఆవిడ ఉద్దేశం.

అందరూ కూర్చున్నాక వినీలని అడిగింది. “ఇందులో పెద్దలెవరమ్మా?”

“కంప్యూటర్ మొత్తానికి రూట్, టీచరమ్మా. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ ఉన్నాడు కదా, లినక్స్‌లో ఆ పేరు రూట్. డేటాబేస్‌కి మాత్రం ఇక్కడా పోస్ట్‌గ్రెస్సే.”

“సెలవులో ఉన్నాడు గదా ఆడు!” అన్నాడు రాబిన్ అదిరిపడి.

“అది పాత చోట మావయ్యా. ఇక్కడ కొత్తగా ఎక్కించినాం కదా, మళ్లీ డ్యూటీలో చేరినాడు. పైగా లినక్స్‌లో ఆయన పద్ధతి వేరు. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. ఆ పేరుతో ఒక యూజర్‌ని కంప్యూటర్లోనే తయారుచేసుకున్నాడు. మనం రూట్‌ని అడిగి ఆ యూజర్‌గా మారితేనే తలుపు తీస్తాడు.”

“సూసినారా టీచరమ్మా? విండోస్‌లో పాస్‌వర్డ్ పెట్టమని మననే అడిగినాడు, మర్యాద. ఇక్కడ ఏకంగా ఇల్లు కట్టేసుకున్నాడు” అన్నాడు రాబిన్.

టీచరమ్మ చాలా ప్రశాంతంగా ఉంది. “ఖరగ్‌పూర్‌లో కాపురం ఉన్నట్టే కదా అయితే” అంది.

రాబిన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. “బాప్తిస్మం?”

“గౌరవ సభ్యుడికి బాప్తిస్మం అక్కర్లేదు. మన తోటకి గోడ కట్టిన బెంగాలీ మేస్త్రీ దాదాకి ఇచ్చినాం కదా గౌరవ సభ్యత్వం. ఈయనకీ ఇద్దాం. ఎవరినీ పెండింగ్‌లో పెట్టడు, విశాఖపట్నం పోడు, విజిల్ ఊదడు. చేతులెత్తండి.”

చేతులు లేచాయి. పోర్చుగీసు దొరని తరిమేసిన చేతులే అవి. నాది కూడా లేచింది. పోస్ట్‌గ్రెస్ గౌరవ సభ్యుడయ్యాడు. వెంటనే రెండో తీర్మానం వచ్చింది. రాబిన్ అకౌంటుని తొలగించాలి.

రాబిన్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సుజాతమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇంట్లో ఎన్ని మాటలన్నా, పదిమంది ముందు మొగుడు చిన్నబోతే ఆవిడ చూడలేదు. మొదటిసారి నాకు కొంచెం సిగ్గేసింది.

“కానీయ్ వినీలా” అంది టీచరమ్మ.

వినీల టైపు చేసింది. తెర మీద ఎర్రర్ వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది.

“ఏమంటోందో చదివి చెప్పండి” అంది టీచరమ్మ నాతో.

మోకాళ్లు నొప్పి పెడుతుండగా ముందుకు వంగి చదివి తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క అక్షరం నా సొంతం కలపలేదు. కలపాల్సిన అవసరం లేకపోయింది. “రాబిన్ అనే పాత్రని తొలగించడానికి వీలులేదు. కొన్ని వస్తువులు దానిమీద ఆధారపడి ఉన్నాయి.”

రాబిన్ నెమ్మదిగా గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

“ఓలమ్మో” అంది సుజాతమ్మ. “మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ కూడా ఈయన మీద ఆధారపడి లేదు!”

“ఇంకోసారి సదవండన్నయ్యా” అన్నాడు రాబిన్. చదివాను. “ఇంగ్లీషులో సదవండి.” అలా కూడా చదివాను. ఆయన కళ్లు మూసుకుని చర్చిలో ఆశీర్వాదం అందుకుంటున్నట్టు విన్నాడు.

“దీనికో దారుంది టీచరమ్మా” అంది వినీల. “తోట వివరాలన్నీ రాబిన్ మావయ్య పేరు మీద ఉన్నాయి కాబట్టి అలా అంటోంది. అన్నిటినీ పోస్ట్‌గ్రెస్ పేరుకి మార్చేస్తే తొలగించనిస్తాది. ఒక్క లైనే.”

“మార్చు.”

“ఆగండి!” రాబిన్ లేచాడు. ఆ గొంతు వింటే ఏనుగు కథ నిజమేనేమో అని నాకే అనుమానం వచ్చింది. “సార్జి అప్పగించడమంటే ఒక్క లైనా? నా సర్వీసులో రిలీవరు రాకుండా ఏనాడూ బ్రేక్‌వాన్ దిగలేదు. అడవిలో బండాగిపోతే రేయంతా దాంట్లోనే కూకున్నాను. అప్పగించినోడు సంతకం పెట్టాల, తీసుకున్నోడు సంతకం పెట్టాల. ఇక్కడున్నోళ్లు చాలామంది రైల్వేలో చేసినోళ్లే. నేను సెప్పింది తప్పా?”

తప్పని ఎవరూ అనలేదు. చార్జి అప్పగింత అంటే మా ఊళ్లో బైబిలు వాక్యం చదవడమంత పవిత్రం.

“పోస్ట్‌గ్రెస్‌ని రమ్మనండి” అన్నాడు రాబిన్. “వొచ్చి, నా ఎదర నిలబడి, సంతకం పెట్టి సార్జి తీసుకోమనండి. ఈ క్షణమే దిగిపోతాను.”

అందరూ వినీల వైపు చూశారు, ఆయన్ని పిలవగలదేమో అన్నట్టు. వినీల నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను.

ఎక్కాలు చెప్పిన టీచరమ్మకి పిల్లల్ని ఎలా లొంగదీయాలో తెలుసు. వినీలని దగ్గరికి పిలిచి ఏదో అడిగింది. వినీల తలూపింది.

“సరే రాబిన్. నీ పేరు తీసెయ్యం. తోటంతా నీ పేరు మీదే ఉంటాది. లాగిన్ మాత్రం ఆపేస్తాం.”

రాబిన్ అనుమానంగా చూశాడు. “అంటే ఏటి?”

“అన్నిటికీ సొంతదారు మీరే మావయ్యా” అంది వినీల. “లోపలికి రావడం, ఎక్కించడం, మార్చడం, ఆ చాకిరీ మీకుండదు. అది టీచరమ్మ చేస్తారు.”

“పేరు నాది, పని ఆవిడదా?”

“అవును మావయ్యా.”

రాబిన్ జేబులోంచి విజిల్ తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. సర్వీసంతా తను చూసిన ఆఫీసర్లు ఒక్కొక్కరే ఆయన మొహంలోంచి నడిచి వెళ్లడం నాకు కనిపించింది. వాళ్లలో ఎవరూ బ్రేక్‌వాన్ ఎక్కలేదు. ఏ డీఆర్ఎమ్మూ తన చేత్తో పట్టాల పాయింటు మార్చలేదు.

“ఠీక్ హై” అన్నాడు.

టీచరమ్మ ఆ మధ్యాహ్నమే తన చోటు అమ్మ పక్కకి మార్చుకుంది. రాబిన్ అడ్డు చెప్పలేదు. వివరాల్లోకి దిగడం తన స్థాయికి తగదన్నాడు.

మొన్న నా మోకాళ్ల సంగతి చూసుకుని, నాకూ వేపచెట్టు కింద ఒక చోటు రాయించుకుందామని వాళ్ల ఇంటికి వెళ్లాను. రాబిన్ వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. విషయం విని, కళ్లు సగం మూసుకుని తలాడించాడు.

“ఆ తోటంతా నా పేరు మీదే ఉందన్నయ్యా, నీకు తెలియందేటుంది” అన్నాడు. “ఇలాంటి సిన్నసిన్న పనులకి నా దాకా రాకూడదు. సంఘం గది కాడ మా గుమస్తా ఎవాంజలిన్ ఉంటాది, ఆవిడకి సెప్పు.”